డబ్బు తీసుకున్నానని ముందే చెప్పి వికీపీడియాలో అడుగుపెట్టిన నా అనుభవం

కోనసీమలో చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లకు కావలసిన రాతపని చేసిపెట్టడం నా వృత్తి. కడియపులంక నర్సరీలవారు, ఆత్రేయపురం పూతరేకుల తయారీదారులు, భీమవరం వైపు రొయ్యల మేత డీలర్లు, గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున కొబ్బరితోటల్లో కాటేజీలు కట్టి అద్దెకిచ్చేవారు నాకు పని ఇస్తుంటారు. వీరిలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఒకే కోరిక కోరుతారు: వికీపీడియాలో తమ ఊరి పేజీలో తమ వెబ్‌సైటు లింకు ఉండాలి, వీలైతే తమ వ్యాపారం పేరిట ఒక పేజీ కూడా ఉండాలి. అది నేను చేసే పని కాదని చెప్పి చాలాకాలం తప్పించుకున్నాను. దిండి సమీపంలో కాటేజీలు నడుపుతున్న ఒక పెద్దాయన, మా నాన్నగారి స్నేహితుడు కావడం వల్ల, తప్పించుకోనివ్వలేదు. దానితో ఆ పనిని చాటుమాటుగా కాకుండా, ఆయన దగ్గర డబ్బు తీసుకుంటున్నానని బహిరంగంగా ప్రకటించి, నియమాలు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు చేసి చూద్దామని ఆయన్ని ఒప్పించాను.

పని మొదలుపెట్టే ముందు ఆ ఊరి పేజీ చరిత్రను తీసి చదివాను. ఆంధ్రప్రదేశ్ గ్రామాల పేజీలు తెలుగు వికీపీడియాలో దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. 2011 జనగణన ప్రకారం ఇన్ని ఇళ్లు, ఇంత జనాభా, ఇన్ని హెక్టార్లు అని మొదలై విద్యా సౌకర్యాలు, వైద్య సౌకర్యం, తాగు నీరు, పారిశుధ్యం, రవాణా, భూమి వినియోగం వరకు వరుసగా సాగుతాయి. ఈ పేజీలో తాగు నీటికీ పారిశుధ్యానికీ మధ్య ‘గోదావరి అందములను తిలకించుటకు అన్ని హంగులతో కూడిన అత్యుత్తమ కాటేజీలు ఇచ్చట కలవు’ అనే వాక్యం, దాని చివర మా పెద్దాయన వెబ్‌సైటు లింకు ఉన్నాయి. ఆ మార్పు చేసినవారు దిద్దుబాటు సారాంశంలో ‘అక్షరదోషాల సవరణ’ అని రాశారు. ఆ వరుసలోనే పేజీ పరిమాణం వెయ్యికి పైగా బైట్లు పెరిగినట్టు ఆకుపచ్చ అంకె కనిపిస్తోంది. అక్షరదోషాలు దిద్దితే పేజీ అంత పెరగదని ఎవరికైనా తెలుస్తుంది, కానీ తెలుసుకోవడానికి ఎవరో ఒకరు చూడాలి కదా.

ఆ వాడుకరి మిగతా దిద్దుబాట్ల జాబితా తీస్తే చుట్టుపక్కల లంక గ్రామాల పేజీల్లోనూ అదే వాక్యం, ఊరి పేరు మాత్రం మార్చి, అతికించినట్టు తేలింది. బయటి లింకులను వెతికే ప్రత్యేక పేజీలో మా వెబ్‌సైటు చిరునామా ఇచ్చి చూస్తే ఇంకో రెండు వాడుకరి పేర్లు బయటపడ్డాయి. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేరే మార్పు. ఆ ఊరి గుడి గురించిన పేరాకు ఒకప్పుడు ఒక దినపత్రిక వార్తను మూలంగా, అంటే ఆధారంగా, చూపి ఉండేది. ఆ వార్త లింకు పనిచేయడం మానేసిన తరువాత ఎవరో దాన్ని తొలగించి, ఆ స్థానంలో మా పెద్దాయన వెబ్‌సైటులోని గుడి పేజీని మూలంగా పెట్టారు. ఆ గుడి పేజీలోని పాఠం ఎక్కడిదని చూస్తే, అక్షరం పొల్లుపోకుండా పాత వికీపీడియా పేరాయే. అంటే వికీపీడియా తాను రాసిన దానికి తననే సాక్ష్యంగా చూపిస్తోంది, మధ్యలో కాటేజీల వెబ్‌సైటు ఆధార గ్రంథమై కూర్చుంది. చచ్చిన లింకులను వెతికి వాటి స్థానంలో సొంత లింకులు పెట్టడం ఈ రంగంలో తెలిసిన ఎత్తుగడే. పైకి మరమ్మతులాగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని పట్టుకోవడం కష్టం.

పెద్దాయనను అడిగితే, నాకన్నా ముందు ఒక నగరంలోని మార్కెటింగు సంస్థకు ఈ పని అప్పగించానని ఒప్పుకుని బిల్లు తెచ్చి చూపించారు. అందులో ‘ఉన్నత స్థాయి బ్యాక్‌లింకులు’ (ఇతర వెబ్‌సైట్ల నుంచి మన వెబ్‌సైటుకు వచ్చే లింకులు) అనే పద్దు కింద మంచి మొత్తమే వసూలు చేశారు. ఆ డబ్బుకు ఆయనకు ఏమి దక్కిందో ఆయన ఎదుటే ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. ఒక పేజీకి ఎన్ని మంచి పేజీలు లింకు ఇస్తే దానికి అంత విలువ అనే సూత్రం మీద 1998లో గూగుల్ మొదలైంది. వికీపీడియా లింకు కోసం ఎగబడడానికి మూలం అదే. అయితే ఇలాంటి లింకులు కుప్పతెప్పలుగా పెరగడంతో 2005 జనవరిలో గూగుల్ ‘నోఫాలో’ అనే గుర్తును తెచ్చింది. ఆ గుర్తు ఉన్న లింకును ర్యాంకు (సెర్చ్ ఫలితాల్లో స్థానం) లెక్కలో కలపవద్దని దాని అర్థం. 2007 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియా బయటి లింకులన్నిటికీ ఆ గుర్తు పెట్టింది, తెలుగు వికీపీడియాలోని బయటి లింకులకూ అది ఉంది. మా వెబ్‌సైటు లింకు మీద కుడి మీట నొక్కి కోడు తెరిచి ఆ పదాన్ని వేలు పెట్టి చూపించాను.

“అయితే ఆ లింకులకు విలువే లేదంటావా అబ్బాయ్?”

“ర్యాంకు కోసమైతే పెద్దగా లేదు బాబాయిగారూ. ఎవరైనా చదివి నొక్కితే నొక్కినట్టు.”

“మరి డబ్బులెందుకు తీసుకున్నాడండి వాడు?”

ఈ ప్రశ్నకు నా దగ్గర మర్యాదైన జవాబు లేకపోయింది. నిజానికి 2019లో గూగుల్ ఆ గుర్తును ఆజ్ఞగా కాక సూచనగా మాత్రమే చూస్తామని ప్రకటించింది. వికీపీడియా పాఠాన్ని యథాతథంగా ఎత్తి వేసుకునే వెబ్‌సైట్లు కూడా ఆ గుర్తు లేకుండానే లింకును మోసుకుపోవచ్చు. ఇంత సన్నని ఆశను పట్టుకుని అమ్మకం సాగిస్తున్నారు. సెర్చ్ ఫలితాల పక్కన వికీపీడియా సమాచారంతో ఒక పెట్టె వస్తుంది కదా, అందులో మన పేరు రావాలని కొనేవారు కూడా ఉన్నారు.

వికీపీడియాలో డబ్బు తీసుకుని రాయడం పూర్తిగా నిషిద్ధమని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. చెప్పకుండా రాయడం నిషిద్ధం. 2013లో వికీ-పీఆర్ అనే అమెరికన్ సంస్థ తనకు డబ్బిచ్చేవారి కోసం వందలాది దొంగ ఖాతాలు నడిపిన సంగతి బయటపడ్డాక, 2014 జూన్‌లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ తన వాడుక నియమాలను సవరించింది. పారితోషికం పొందేవారు తమకు పని ఇచ్చినవారెవరో, ఎవరి కోసం రాస్తున్నారో తమ వాడుకరి పేజీలోనో, చర్చా పేజీలోనో, దిద్దుబాటు సారాంశంలోనో వెల్లడించాలి. అంతటితో ఈ బెడద ఆగలేదు. మరుసటి ఏడాదే, 2015లో, ఇంగ్లీషు వికీపీడియా ఒకదానికొకటి ముడిపడిన 381 ఖాతాలను ఒక్కసారిగా నిరోధించింది. ఆ ముఠా తిరస్కరణకు గురైన వ్యాసాల తాలూకు చిన్న వ్యాపారులను వెతికి పట్టుకుని, డబ్బిస్తే పేజీ పెట్టిస్తామని, పెట్టాక మళ్లీ డబ్బిస్తే కాపాడతామని వసూళ్లు చేసింది. ఈ సంగతి విన్నాక పెద్దాయన ముఖంలో మొదటిసారి కలవరం చూశాను, ఎందుకంటే ఆ నగర సంస్థ కూడా ‘నిర్వహణ రుసుము’ అని ఏటా కొంత అడుగుతోందట.

ఖాతా తెరిచే దగ్గరే మాకు మొదటి పేచీ వచ్చింది. కాటేజీల పేరుతోనే ఖాతా ఉండాలని, తనూ తన కొడుకూ నేనూ ముగ్గురం దాన్ని వాడాలని ఆయన అనుకున్నారు. సంస్థల పేర్లను వాడుకరి పేర్లుగా పెట్టుకోవడానికి నియమాలు ఒప్పుకోవు, ఒక ఖాతాను ఒక మనిషే వాడాలి. నా పేరుతోనే ఖాతా తెరిచి, వాడుకరి పేజీలో ఫలానా కాటేజీల యజమాని నుంచి పారితోషికం తీసుకుంటున్నానని, ఆ వ్యాపారానికి సంబంధించిన ఏ పేజీనీ స్వయంగా మార్చనని, కావలసినది చర్చా పేజీలో అడిగి ఊరుకుంటానని రాశాను. ఆ తరువాత ఊరి చర్చా పేజీలో కొత్త విభాగం తెరిచి, పాత సంస్థ వేసిన లింకులన్నీ ఏ పేజీలో ఏ తేదీన ఎవరి పేరుతో పడ్డాయో పట్టిక వేసి, వాటిని తొలగించమని నేనే అడిగాను. గ్రామాల చర్చా పేజీల వైపు ఎవరూ తొంగిచూడరని తెలుసు కాబట్టి వాడుకరులంతా కలిసి చర్చించుకునే రచ్చబండ పేజీలో కూడా ఒక కబురు పెట్టాను. మన లింకులను మనమే తీయించుకోవడమేమిటని పెద్దాయన ఆ రాత్రి ఫోనులో చాలాసేపు కోప్పడ్డారు. పదేపదే ఇలా చేసిన వెబ్‌సైట్ల చిరునామాలను వికీమీడియా ఉమ్మడి నిషేధ జాబితాలో చేరుస్తారని, చేరిస్తే ఏ భాష వికీపీడియాలోనూ ఆ చిరునామాను చేర్చే మార్పు సేవ్ కాదని, ఆ జాబితాను ఎవరైనా చూడవచ్చని చెప్పాక శాంతించారు.

తెలుగు వికీపీడియా మర్యాద గురించి ఒక మాట చెప్పాలి. అక్కడ ఎంత గట్టిగా తిట్టుకున్నా పేరు చివర ‘గారు’ తప్పదు. నాకు వచ్చిన మొదటి జవాబు కూడా ‘గారూ’ అనే మొదలై, పాత ఖాతాలు మీవేనా అని సూటిగా అడిగింది. కావని, అయినా డబ్బిచ్చి పని చేయించుకున్నవారు ఒకరేనని చెప్పాను. అనుమానం పూర్తిగా పోయిందని అనుకోను, పోవాలని ఆశించడం కూడా న్యాయం కాదు. ఒక నిర్వాహకులు నా పట్టిక ప్రకారం లింకులన్నీ తీసివేశారు. తీయడంలో వారు ఎంచుకున్న పద్ధతి వల్ల మాత్రం చిక్కు వచ్చింది. లింకు ఒక్కటే కాకుండా ఆ ఖాతా చేసిన మార్పులన్నీ మూకుమ్మడిగా వెనక్కు తిప్పేశారు. దానితో కాటేజీల ప్రచారంతో పాటు రవాణా విభాగంలో సరైన మాటలు కొన్ని కూడా పోయాయి.

ఆ ఊరికి చేరడానికి నరసాపురం వెళ్లి పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లి రేవు దాటడమే మార్గమన్నట్టుగా పాత పేజీలో ఉండేది. పాలకొల్లు నుంచి చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ దాటి 216వ నంబరు జాతీయ రహదారి మీద నేరుగా దిండి రావచ్చన్న సంగతిని చేర్చింది ఆ ప్రచార సంస్థవారే. రైలు దిగి వచ్చే అతిథులకు ఆ దారి తెలియడం వారికి అవసరం కాబట్టి చేర్చారు. దిండి వైపు రైలు లేదు గనుక పాలకొల్లు స్టేషను ప్రస్తావన చదివేవారికీ అవసరమే. జిల్లా పేరు సంగతి కూడా అంతే. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడి అమలాపురం కేంద్రమైన తరువాత ఆ పేజీలో జిల్లా పేరు సవరించినవారు కూడా ఆ సంస్థవారే. వెనక్కు తిప్పడంతో ఊరు మళ్లీ తూర్పు గోదావరిలోకి వెళ్లిపోయింది.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు ముఖ్యమని తోచింది ఇదే. ఇంగ్లీషు వికీపీడియాలో పెద్ద పేజీని వందలమంది తమ వీక్షణ జాబితాలో పెట్టుకుంటారు, స్వార్థంతో ఒకరు రాసినా దులపడానికి తొమ్మిదిమంది ఉంటారు. మన లంక గ్రామాల పేజీలకు అలాంటి కాపలా లేదు. జనగణన అంకెలు ఎక్కించిన తరువాత ఆ పేజీని ముట్టుకునే మనిషి చాలాసార్లు ఒక్కడే ఉంటాడు, అతడు ఏదో అమ్ముకోవడానికి వచ్చినవాడై ఉంటాడు. ఊరు తెలిసినవాడూ అతడే, ఫొటోలున్నవాడూ అతడే, దారి మారితే ముందుగా తెలిసేదీ అతడికే. అతడిని తరిమేస్తే పేజీ శుభ్రంగా ఉంటుంది కానీ పాతబడి ఉంటుంది, ఉండనిస్తే పేజీ తాజాగా ఉంటుంది కానీ ప్రకటనల బోర్డవుతుంది. చేటలో వేసి చెరిగినట్టు అతడు తెచ్చినదాన్ని ఓపిగ్గా చెరగడానికి మనుషులు కావాలి, తెలుగులో ఆ మనుషులు తక్కువ. ఉన్న కొద్దిమంది ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిపూట ఈ పని చేస్తున్నారు. అందువల్ల మూకుమ్మడిగా వెనక్కు తిప్పినందుకు వారిని తప్పుపట్టలేను.

పోయినవాటిని తిరిగి చేర్చమని విడివిడిగా అడిగాను. జిల్లా పేరును వెంటనే సరిచేశారు, దానికి ప్రభుత్వ వెబ్‌సైటే ఆధారం. దారి సంగతికి మూలం అడిగారు. రోజూ ఆ వంతెన మీద తిరిగేవాడిని మూలం చూపమంటే నవ్వు వస్తుంది గానీ, నా మాట నమ్మాలనడానికి నేను డబ్బు తీసుకున్నవాడిని కదా. పత్రికల జిల్లా అనుబంధాల్లోని పాత వార్తలు ఇంటర్నెట్‌లో దొరకడం కష్టం. ఒక గ్రంథాలయంలో పాత పత్రికల కట్టలు విప్పి, వంతెన గురించిన వార్తను వెతికి పత్రిక పేరు, తేదీ, పుట సంఖ్య రాసుకుని ఇచ్చాను. ఇంటర్నెట్‌లో లేని కాగితపు మూలం కూడా చెల్లుతుందని చాలామందికి తెలియదు. తేదీ, పుట సంఖ్య సరిగా ఇస్తే చాలు. ఆ మూలంతో దారి సమాచారం తిరిగి పేజీలోకి వచ్చింది.

గుడి విషయంలో మాత్రం అడగబోయి ఉన్నది పోగొట్టుకున్నాం. గుడి ఎనిమిది వందల ఏళ్ల నాటిదని కాటేజీల వెబ్‌సైటులో ఉంది, పేజీలో కూడా అదే మాట ఉంది. చచ్చిన లింకు స్థానంలో పెట్టిన మా లింకును తీయమని నేనే చెప్పాను కాబట్టి, ఇప్పుడు ఆ వాక్యానికి ఆధారమేమిటన్న ప్రశ్న వచ్చింది. 1907లో ఎఫ్. ఆర్. హెమింగ్వే కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరు, అంతకు ముందు 1878లో హెన్రీ మోరిస్ రాసిన జిల్లా చరిత్ర రెండూ తిరగేశాను. ఆ ఊరి గుడి వయసు వాటిలో లేదు. స్థలపురాణం కరపత్రం ఉంది గానీ దాని మీద అచ్చయిన సంవత్సరం కూడా లేదు. వాక్యం తీసేశారు. “ఉన్నదీ పాయె, ఉంచుకున్నదీ పాయె” అన్నారు పెద్దాయన, ఆలయ కమిటీలో ఆయన కూడా సభ్యుడు మరి.

కాటేజీల పేరిట ప్రత్యేక పేజీ కోరిక ఒక్క జవాబుతో ముగిసింది. విషయ ప్రాధాన్యత ఉండాలంటే సంబంధం లేని నమ్మదగిన మూలాలు ఆ వ్యాపారం గురించి విపులంగా రాసి ఉండాలి. మా దగ్గరున్న పత్రికల కత్తిరింపుల్లో ఎక్కువ భాగం డబ్బిచ్చి వేయించుకున్న ప్రత్యేక పేజీలు, ఒకటి ప్రారంభోత్సవం వార్త. “మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించారు కదండి, అది చాలదా?” అని ఆయన అడిగారు. ఆ వార్త మంత్రిగారి పర్యటన గురించినది, కాటేజీల గురించి అందులో ఒక్క ముక్కే ఉంది.

ఇక ఫొటోలు. గోదావరి మీదుగా డ్రోనుతో తీయించిన మంచి చిత్రాలు ఆయన దగ్గరున్నాయి, ఊరి పేజీలో ఒక్క చిత్రమూ లేదు. ఇక్కడ మేలు ఇరుపక్షాలకూ ఉంది. 2019లో నార్త్ ఫేస్ అనే దుస్తుల సంస్థ తరఫున బ్రెజిల్‌లోని ప్రకటనల ఏజెన్సీ పర్యాటక స్థలాల వికీపీడియా పేజీల్లో తన సరుకు కనిపించే ఫొటోలు చొప్పించి, ఆ ఘనకార్యాన్ని వీడియోగా చేసి చాటుకుంది. విమర్శలు రావడంతో సంస్థ క్షమాపణ చెప్పుకుంది. అందుకని కాటేజీల బోర్డు, పేరు రాసిన పడవ కనిపించే చిత్రాలను పక్కనబెట్టి, నది, వంతెన, కొబ్బరితోట మాత్రమే ఉన్న చిత్రాన్ని ఎంచాను. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారికే మొదటి హక్కు అని 1957 నాటి మన కాపీరైటు చట్టం 17వ సెక్షను చెబుతుంది. అయినా వికీపీడియా బొమ్మలను భద్రపరిచే వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించడానికి హక్కుదారు నుంచి అనుమతి ఈమెయిలు పంపాలి. ఆ అనుమతిలోని షరతులు తెలుగులో చదివి వినిపించాక ఆయన ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

“అంటే మన ఫొటో పక్క రిసార్టువాళ్లు కూడా వేసుకోవచ్చా?”

“తీసినవారి పేరు, లైసెన్సు పేరు వేసి వాడుకోవచ్చు బాబాయిగారూ. అమ్మకానికి కూడా వాడుకోవచ్చు.”

“మూల మన పేరు అచ్చు వేసి ఇద్దాం.”

“ఫొటో మీద పేరు అచ్చు వేస్తే అక్కడ తీసేస్తారు.”

చాలాకాలం ఆ ఈమెయిలు వెళ్లలేదు. చివరికి ఆయన కొడుకు చెప్పగా ఒకే ఒక్క చిత్రానికి, అదీ కొంచెం చిన్న సైజులో, అనుమతి ఇచ్చారు. ఇప్పుడు ఆ ఊరి పేజీ పైన కనిపిస్తున్నది అదే.

వెబ్‌సైటు లింకును పెట్టనివ్వలేదు, పెట్టరని ముందే చెప్పాను. అయితే చర్చలో ఒక వాడుకరి గారు మేమడగని దారి ఒకటి చూపించారు. వికీమీడియా వారిదే వికీవాయేజ్ అనే పర్యాటక మార్గదర్శి ఉంది, 2013 జనవరి నుంచి వారి ఆధ్వర్యంలో నడుస్తోంది. బస చేసే చోట్ల చిరునామా, అద్దె, ఫోను నంబరు, సొంత వెబ్‌సైటు లింకు అక్కడ నిస్సంకోచంగా ఇవ్వవచ్చు, యజమానులే రాసుకోవచ్చు. కానీ పొగడ్త పనికిరాదు. తెలుగులో అది లేదు కాబట్టి ఇంగ్లీషులోనే వివరాలు చేర్చాను. ‘సుందరమైన’, ‘అత్యుత్తమ’ వంటి మాటలు తీసేస్తే ఆయన పద్దు రెండు వరుసలకు వచ్చింది.

ఈ పనికి నేను లింకుల లెక్కన కాక, వెచ్చించిన సమయం లెక్కన బిల్లు వేశాను. బిల్లులో ‘పాత లింకుల తొలగింపు’ అన్న పద్దు చూసి, పెట్టినందుకు ఒకరికి, తీసినందుకు ఇంకొకరికి తానే ఇచ్చుకున్నానని ఆయన లెక్క చెప్పి మరీ చెల్లించారు. ఇప్పుడు నా ధరల పట్టికలో వికీపీడియాకు సంబంధించి ఒకే పద్దు ఉంది: వెల్లడి ప్రకటన, చర్చా పేజీలో అభ్యర్థన, మూలాల సేకరణ. ఫలితానికి హామీ లేదని దాని కిందే రాశాను. పూతరేకుల వ్యాపారి ఒకరు దాన్ని చదివి, హామీ ఇచ్చేవారు వేరే ఉన్నారని చెప్పి వెళ్లారు. నర్సరీ వారు మాత్రం తమ ఊరి పేజీలో మొక్కల ఫొటోలు లేవని, ఇస్తామని కబురు చేశారు. అనుమతి ఈమెయిలు ముసాయిదా వారికి పంపి ఉన్నాను.